క్లౌడ్ బిల్లు, సెక్యూరిటీ రెండూ చూసే టూల్ ఒకటే కొనాలా, విడివిడిగా పెట్టుకోవాలా?

చెరువుగట్టు (భీమవరం)

నమస్కారం అండీ. మాది భీమవరంలో చిన్న కంపెనీ. రొయ్యల చెరువుల్లో సెన్సర్లు పెట్టి, నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో పది నిమిషాలకోసారి రైతు ఫోనుకి పంపిస్తాం. ఆ ఆక్సిజన్ (డీవో అంటాం) పడిపోతే ముందు ఎస్సెమ్మెస్, రైతు చూడకపోతే కాల్ వెళ్తుంది. టెక్నికల్ టీమ్ అంటే నేనూ, ఇంకో అబ్బాయీ, అంతే. మొత్తం అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో, ముంబై రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్లలో) నడుస్తోంది. జీఎస్టీతో కలిపి నెలకి లక్షా నలభై వేల దగ్గర తిరుగుతుంది బిల్లు.

పోయిన నెల ఏం జరిగిందో చెప్పి అడుగుతాను. అది తెలియకపోతే నా ప్రశ్న అర్థం కాదు.

రెండేళ్ల కిందట మాకు డాష్‌బోర్డు చేసిపెట్టిన బయటి డెవలపర్ తన పాత కోడ్‌ని అందరూ చూడగలిగే పబ్లిక్ రిపోలో పెట్టాడు. అందులో మా అకౌంట్‌లోకి ప్రోగ్రాములు వెళ్లే యాక్సెస్ కీ ఉంది. ఒక శుక్రవారం రాత్రి ఎవరో ఆ కీ పట్టుకుని ఒహాయో, ఫ్రాంక్‌ఫర్ట్ రీజియన్లలో పెద్ద పెద్ద మెషీన్లు లేపి క్రిప్టో మైనింగ్ మొదలుపెట్టారు. బడ్జెట్ అలర్ట్ శనివారమే వచ్చింది. కానీ అది ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన ఉద్యోగి మెయిల్‌కి పోయింది. అనుమానాస్పద పనుల్ని పసిగట్టే గార్డ్‌డ్యూటీ కూడా ఆన్‌లోనే ఉంది, ముంబైలో మాత్రమే. మేం వాడని రీజియన్లలో ఆన్ చేయాలన్న ఆలోచనే మాకు రాలేదు.

ఆదివారం నైట్ డ్యూటీ నాది. ఒంటిగంటన్నరకి నెలాఖరు రిపోర్టు కోసం ఖర్చు చూపించే కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే గ్రాఫులో ఆ రెండు రోజుల గీతలు పైకప్పు తాకుతున్నాయి. కీ దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. డిసేబుల్ చేద్దామని మౌస్ పెట్టాక ఆగిపోయాను. రైతులకి ఎస్సెమ్మెస్‌లు పంపే ప్రోగ్రామ్ కూడా అదే కీతో నడుస్తోంది. రాత్రంతా ఆక్సిజన్ తయారవదు, వాడకం మాత్రం ఆగదు కాబట్టి చెరువుల్లో డీవో బాగా పడేది తెల్లవారుజామున మూడింటి నుంచి ఐదింటి మధ్యే. ఆ టైములో అలర్ట్ ఆగితే రొయ్యలు తలలు తేలేస్తాయి. కీ ఆపకపోతే ఆ మెషీన్లు తీసేసినా మళ్లీ లేపుతారు, గంట గంటకీ డబ్బు పోతుంది.

ఇద్దరం కలిసి ఫీల్డు కుర్రాళ్లని నిద్రలేపాం. "అలర్ట్ కోసం చూడొద్దు, అన్ని చెరువుల్లో ఏరియేటర్లు ఇప్పుడే వేయించండి" అని చెప్పాం. 2:40కి కీ డిసేబుల్ చేసి, ఆ మెషీన్లు తీసేశాను. కొత్త కీ పెట్టి ప్రోగ్రామ్ మళ్లీ లేచేసరికి 3:25 అయింది. ఆ నలభై అయిదు నిమిషాలూ ఏ రైతుకీ ఏ కబురూ వెళ్లలేదు. అదృష్టం, ఎక్కడా నష్టం జరగలేదు. కానీ ఆ టెన్షన్ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ నెల బిల్లు మూడు లక్షల ఎనభై అయిదు వేలు. సపోర్ట్ కేసు పెట్టాం, నడుస్తోంది.

ఇప్పుడు మా ఎండీ గారి దగ్గరికి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, ఖర్చూ సెక్యూరిటీ ఒకే స్క్రీన్ మీద చూపించే టూల్ డెమో ఇచ్చారు. ఏడాదికి ఆరు లక్షలట. ఆయన సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు, నేనే పది రోజులు గడువు అడిగాను. ఏడబ్ల్యూఎస్‌లో ఉన్నవి సరిగ్గా పెట్టుకుంటే సరిపోతుందా, లోపాలు వెతికే ప్రౌలర్, మనం రాసిన రూల్స్ ప్రకారం సర్దే క్లౌడ్ కస్టోడియన్ లాంటి ఓపెన్ సోర్స్ టూల్స్ ఇద్దరే ఉన్న టీమ్‌తో నడుస్తాయా, లేక కొనేయడమే మంచిదా? వాడినవాళ్లు చెప్పండి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఏ టూల్ అయినా దానంతటది సర్వర్ ఆపేస్తానంటే మాకు కుదరదు.

పాత_సర్వర్ (మాదాపూర్, హైదరాబాద్)

చెరువుగట్టు గారూ, ముందు లెక్క చూద్దాం. ఏడాదికి మీ బిల్లు పదహారు, పదిహేడు లక్షలు. దాన్ని కాపలా కాయడానికి ఆరు లక్షలంటే మూడో వంతు పైనే. ఆ టూల్ మీ ఖర్చులో మూడో వంతు పైన తగ్గిస్తే తప్ప గిట్టదు, మీ సైజు అకౌంట్‌లో అంత తగ్గదు. కొనొద్దని నా సలహా.

రెండోది, మీకు జరిగింది ఖర్చు టూల్‌తో పట్టుకునే రకం కాదు. ఏడబ్ల్యూఎస్ బడ్జెట్స్ లెక్క రోజుకి మూడుసార్లు మించి అప్‌డేట్ కాదు. ఖర్చు ఉన్నట్టుండి పెరిగితే చెప్పే కాస్ట్ అనామలీ డిటెక్షన్ ఫ్రీయే, బాగా పనిచేస్తుంది, కానీ అదీ రోజుకి మూడు సార్లే చూస్తుంది, పైగా దాని కింద ఉండే బిల్లింగ్ డేటాయే గంటలు ఆలస్యంగా వస్తుంది. బయటి టూల్స్ కూడా అదే డేటా తీసుకుంటాయి. ఎన్ని రంగుల గ్రాఫులు వేసినా బిల్లులో దొంగతనం కనబడేది మర్నాడే. గార్డ్‌డ్యూటీ అలా కాదు. అది క్లౌడ్‌ట్రెయిల్ (అకౌంట్‌లో ఎవరు ఏం చేశారో), నెట్‌వర్క్ ఫ్లో, డీఎన్ఎస్ (మెషీన్ ఏ సర్వర్ పేరు అడిగిందో) లాగులు, అంటే రికార్డులు చూస్తుంది. మెషీన్ ఏదైనా మైనింగ్ సర్వర్ పేరు అడిగితే పట్టేసి, దొరికింది నిమిషాల్లో ఈవెంట్‌బ్రిడ్జ్‌కి (కబుర్లని వేరే ప్రోగ్రాములకి అందించే సర్వీసు) పంపిస్తుంది. అక్కడినుంచి మీ ఇద్దరి ఫోన్లకీ కాల్ వెళ్లేలా పెట్టుకోండి. రైతుకి కాల్ వెళ్లే ఏర్పాటు ఎలాగూ మీ దగ్గర ఉందిగా, అదే వాడండి. అన్ని రీజియన్లలో ఆన్ చేస్తే ఖర్చవుతుందని భయపడకండి. అది లాగుల పరిమాణాన్ని బట్టి వేస్తుంది, వాడని రీజియన్లో లాగులే ఉండవు కాబట్టి దాదాపు ఏమీ పడదు.

అంతకంటే ముఖ్యం, ఒహాయోలో మెషీన్ లేవకుండానే ఆపొచ్చు. అకౌంట్లన్నిటినీ ఒకచోట చేర్చి నడిపే ఆర్గనైజేషన్స్ ఫ్రీ. అందులో ఎస్సీపీ అని ఒక రూలు రాసి ముంబై తప్ప మిగతా రీజియన్లన్నీ మూసేయండి. ఐఏఎం (యూజర్లు, హక్కులు), రూట్ 53 (డొమైన్ పేర్లు), క్లౌడ్‌ఫ్రంట్ (వెబ్ పేజీలు త్వరగా అందించేది) లాంటివి వర్జీనియా మీదుగా నడుస్తాయి కాబట్టి వాటిని ఆ రూలు నుంచి మినహాయించాలి. ఇక్కడే చాలామంది దెబ్బతినేది ఒకటుంది. ఎస్సీపీ మేనేజ్‌మెంట్ అకౌంట్ (ఆర్గనైజేషన్ మొదలుపెట్టిన అకౌంట్) మీద పనిచేయదు. మీకు ఒక్కటే అకౌంట్ ఉండి, దాంట్లోనే ఆర్గనైజేషన్ మొదలుపెట్టి రూలు రాస్తే పెట్టినట్టే ఉంటుంది కానీ ఏదీ ఆగదు. కొత్తగా ఖాళీ అకౌంట్ తెరిచి, దాన్ని మేనేజ్‌మెంట్ చేసి, ఇప్పుడున్నదాన్ని మెంబర్‌గా చేర్చుకోండి.

ఇక ఓపెన్ సోర్స్ సంగతి. ప్రౌలర్‌కి చదివే పర్మిషన్ ఇస్తే చాలు, ఏదీ మార్చదు. ఏడబ్ల్యూఎస్ బ్రౌజర్‌లోనే ఇచ్చే క్లౌడ్‌షెల్‌లో మీరే నడిపించుకోవచ్చు. మొదటిసారి రన్ చేసినప్పుడు వందల ఫెయిల్స్ వస్తాయి, గుండె జారిపోకండి. క్రిటికల్ అన్నవి మాత్రమే వడకట్టి ముందు చూడండి. మీ సైజులో అవి ఇరవై, ముప్పై ఉంటాయేమో. వాటిని రెండు వారాల్లో కొట్టేయొచ్చు.

క్లౌడ్ కస్టోడియన్ వేరే రకం. క్యాపిటల్ వన్ బ్యాంకులో పుట్టి 2016లో ఓపెన్ సోర్స్ అయింది, ఇప్పుడు సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ కింద ఉంది. ఒకే యామల్ (రూల్స్ రాసుకునే టెక్స్ట్) ఫైల్‌లో "ఎవరికీ తగిలించని డిస్కులు", "ప్రపంచం మొత్తానికి 22 పోర్టు (మెషీన్‌లోకి రిమోట్ లాగిన్ అయ్యే దారి) తెరిచిన సెక్యూరిటీ గ్రూపులు" రెండూ రాసుకోవచ్చు. ఖర్చూ సెక్యూరిటీ ఒకేచోట కావాలంటే నాకు తెలిసి అసలైన టూల్ ఇదే. మీ భయానికి దీంట్లో జవాబుంది. డ్రైరన్‌లో పెడితే ఏం చేస్తుందో చెప్తుంది కానీ చేయదు. మార్క్ ఫర్ ఆప్ అని ఇంకోటి ఉంది. ఈ రోజు ట్యాగ్ తగిలిస్తుంది, మీరు పెట్టిన గడువు దాటాకే చర్య తీసుకుంటుంది. ఈలోపు ఎవరైనా ఆ ట్యాగ్ తీసేస్తే వదిలేస్తుంది.

ఏదైనా మొదలుపెట్టే ముందు ఒక్క పని చేయండి. ప్రతి మెషీన్‌కీ, డిస్కుకీ "ఓనర్" అని ట్యాగ్ పెట్టి మనిషి పేరు రాయండి. కీలకి ట్యాగులుండవు, ఆ కీ ఉన్న యూజర్‌కి పెట్టాలి. ఆ రాత్రి మీరు మౌస్ పట్టుకుని ఆగిపోయారే, ఆ కీ ఎవరెవరు వాడుతున్నారో ఎక్కడా రాసి లేకపోవడం వల్లే కదా. ఆరు లక్షల టూల్ కూడా అది చెప్పలేదు. అసలు ఈసీ2లో (ఏడబ్ల్యూఎస్ మెషీన్లలో) నడిచే ప్రోగ్రామ్‌కి కీ ఉండకూడదు, ఐఏఎం రోల్ (ఆ మెషీన్‌కే తాత్కాలికంగా దొరికే హక్కులు) ఇవ్వండి. దొంగిలించడానికి ఫైల్లో ఏమీ మిగలదు.

కొత్తపేట_కిరణం (గుంటూరు)

మాది మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అజూర్ కాబట్టి క్లుప్తంగా. అక్కడ కాస్ట్ మేనేజ్‌మెంట్ ఫ్రీ, డిఫెండర్ ఫర్ క్లౌడ్‌లో పునాది స్థాయి సెక్యూరిటీ చెకింగ్ కూడా ఫ్రీ. చిన్న కంపెనీకి ఆ రెండూ చాలు. బడ్జెట్ పెడితే ఖర్చు అక్కడితో ఆగిపోతుందని మా మేనేజర్ ఏడాది పాటు నమ్మారు. ఆగదు, మెయిల్ వస్తుంది అంతే. గూగుల్ క్లౌడ్‌లోనూ అంతే.

రారిటన్_ఒడ్డు (ఎడిసన్, న్యూజెర్సీ)

పాత_సర్వర్ గారు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. కొనే టూల్స్ ఎందుకున్నాయో మాత్రం రెండో వైపు నుంచి చెప్తాను, మీరు రేపు పెద్దవాళ్లయితే పనికొస్తుంది.

నేను పనిచేసే చోట అరవైకి పైగా అకౌంట్లు, రెండు క్లౌడ్‌లు. అక్కడ ప్రౌలర్ రిపోర్టు చేతికిస్తే చదివేవాడు ఉండడు. విజ్, ఓర్కా లాంటి కొనే సెక్యూరిటీ టూల్స్ డిస్క్ స్నాప్‌షాట్ (కాపీ) తీసి లోపల చూస్తాయి, మెషీన్‌లో ఏజెంట్ పెట్టక్కర్లేదు. వాటి అసలు బలం లంకెలు కలపడంలో ఉంది. "ఈ మెషీన్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉంది, దీంట్లో పాత లైబ్రరీ ఉంది, దీని రోల్‌కి కస్టమర్ల డేటా బకెట్ (ఫైళ్లు దాచే చోటు) చదివే హక్కుంది" అని మూడూ కలిపి ఒకే దారిగా చూపిస్తాయి. విడివిడిగా చూస్తే మూడూ మీడియం ఫైండింగులే. క్యాపిటల్ వన్ 2019లో దెబ్బతిన్నది అలాంటి దారిలోనే. ఫైర్‌వాల్‌లో ఒక లోపం, దాని వెనక అవసరానికి మించిన హక్కులున్న రోల్. పదికోట్ల మంది అమెరికన్ల వివరాలు పోయాయి. కస్టోడియన్ పుట్టిన చోటే ఇది జరిగిందని గమనించండి. మంచి టూల్ ఇంట్లో ఉన్నంత మాత్రాన రోల్‌కి హక్కులు తగ్గిపోవు, ఎవరో కూర్చుని తగ్గించాలి.

ఖర్చు వైపు క్లౌడ్‌హెల్త్, క్లౌడబిలిటీ, వాంటేజ్ ఉన్నాయి. రెండు మూడు క్లౌడ్‌ల బిల్లుల్ని ఒకే రూపంలోకి తేవడం, ఏ డిపార్ట్‌మెంట్‌కి ఎంత పడిందో పంచడం వాటి పని. బిల్లుల రూపం ఒకటి చేయడానికి క్లౌడ్ ఖర్చుల మీద పనిచేసే ఫిన్ఆప్స్ ఫౌండేషన్ వాళ్లు 2024 జూన్‌లో ఫోకస్ 1.0 ప్రమాణం కూడా తెచ్చారు. ఒక్క అకౌంట్, ఒక్క క్లౌడ్ ఉన్న మీకు ఆ సమస్యే లేదు.

రెండూ ఒకే స్క్రీన్ మీద అన్నవాళ్లని నేను మూడుసార్లు చూశాను. మూడింటిలోనూ ఒక సగం గట్టిగా, రెండో సగం పైపైన ఉంది. మీకు డెమో ఇచ్చినవాళ్లని ఒక్కటి అడగండి: "మా అకౌంట్‌లోకి మీకు ఎలాంటి రోల్ కావాలి?" చదివే హక్కు మించి అడిగితే ఎందుకో లైను లైనుకీ చెప్పించుకోండి. ఎక్స్‌టర్నల్ ఐడీ (ఆ కంపెనీ మీ ఒక్కరికోసమే ఇచ్చే గుర్తు) లేకుండా రోల్ ఇవ్వకండి. కాపలా కోసం తెచ్చుకున్నవాడి దగ్గర ఇంకో తాళంచెవి పడి ఉండటం మీరు ఇప్పుడే చూశారు.

సాగర్‌నగర్_ఆడిట్ (విశాఖపట్నం)

నాది సెక్యూరిటీ ఆడిట్ పని. పై ముగ్గురూ ముట్టుకోని చోటు ఒకటుంది. ఖర్చు టూల్, సెక్యూరిటీ టూల్ ఒకదానికొకటి ఎదురు మాట్లాడే చోటు అది, లాగులు.

ఖర్చు తగ్గించే టూల్ ఏదైనా మొదటి నెలలోనే క్లౌడ్‌వాచ్ లాగులు (ప్రోగ్రాములు రాసిపెట్టే రికార్డులు) చూపించి "ఇవి తీసేయండి" అంటుంది. అందులో న్యాయం ఉంది. లాగ్ గ్రూప్ పెట్టినప్పుడు మనం గడువు రాయకపోతే అవి ఎప్పటికీ అలాగే ఉండిపోతాయి. దాంతో ఎవరో ఉత్సాహంగా అన్నిటికీ ఏడు రోజులు పెట్టేస్తారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు, భారత పరిధిలో ఉంచాలి. ఘటన తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్లకి రిపోర్ట్ చేయాలి. చిన్న కంపెనీలకి ఇది వర్తించదనుకునే వాళ్లని వారానికొకరిని చూస్తున్నాను. వర్తిస్తుంది. చెరువుగట్టు గారూ, మీది కూడా రిపోర్ట్ చేయాల్సిన ఘటనే. ఇప్పటికైనా పంపండి.

ఇంకోటి. క్లౌడ్‌ట్రెయిల్ కన్సోల్‌లో ఈవెంట్ హిస్టరీ కనబడుతోంది కదా, లాగులు ఉన్నట్టే అనుకుంటారు. అది 90 రోజులే. 180కి సగం. అన్ని రీజియన్లకీ కలిపి ఒక ట్రెయిల్ పెట్టి ఎస్3లోకి (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే సర్వీసు) పంపండి. మేనేజ్‌మెంట్ ఈవెంట్ల (మెషీన్ లేపడం, కీ చేయడం లాంటి పనుల రికార్డు) మొదటి కాపీకి డబ్బు తీసుకోరు, ఎస్3 స్టోరేజీ మాత్రమే పడుతుంది. లైఫ్‌సైకిల్ రూలు పెట్టి పాతవాటిని చౌక తరగతిలోకి జరిపితే మీ పరిమాణానికి అది లెక్కలోకి రాదు. బకెట్ ముంబైలోనో, 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లోనో పెట్టుకోండి. వేరే అకౌంట్‌లో పెడితే ఇంకా మంచిది. కీ దొరికినవాడు వెళ్తూ వెళ్తూ లాగులు చెరిపేయలేడు.

ఎదురు వైపు కూడా చూడండి. సెక్యూరిటీ చెకింగులన్నీ ఒకచోట చూపించే సెక్యూరిటీ హబ్ ఆన్ చేద్దామంటే, అది సెట్టింగుల మార్పుల్ని రికార్డు చేసే ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగ్ ఆన్ చేయమంటుంది. కాన్ఫిగ్ ప్రతి మార్పుకీ లెక్క కట్టి 0.003 డాలర్ వేస్తుంది. మెషీన్లు రోజంతా లేస్తూ పడుతూ ఉండే అకౌంట్‌లో ఆ బిల్లు చూసి ఒక క్లయింట్ మొత్తం సెక్యూరిటీయే ఆపేశాడు. రోజుకొకసారి రికార్డు చేసే పద్ధతి ఉంది, అవసరమైన రకాలనే ఎంచుకునే వీలుంది. ఆపేయకుండా సర్దుకోవచ్చు.

అందుకే ఖర్చు చూసేవాళ్లూ సెక్యూరిటీ చూసేవాళ్లూ వేరువేరుగా కూర్చుని వేరువేరు రిపోర్టులు పట్టుకుని కొట్టుకోవడం పెద్ద కంపెనీల్లో రోజూ చూస్తాను. మీ టీమ్‌లో ఇద్దరే ఉన్నారు, అది మీకు మేలే అండీ. ఇద్దరూ రెండూ చూడండి.

చెరువుగట్టు (మూడు వారాల తర్వాత)

అందరికీ చాలా థాంక్స్. ఇక్కడ వచ్చిన జవాబులన్నీ ప్రింట్ తీసి ఎండీ గారి ముందు పెట్టాను. టూల్ కొనడం ఆగింది. సాగర్‌నగర్ గారు చెప్పిన రోజే సెర్ట్-ఇన్‌కి రిపోర్ట్ పంపాం.

ముందు ఓనర్ ట్యాగులతో మొదలుపెట్టాం. అదే అన్నిటికంటే కష్టమైంది. ఒక ఎక్సెల్ షీట్‌లో మెషీన్లు, డిస్కులు, ఐపీలు, కీలు అన్నీ రాసి, పక్కన పేరు రాయమని కూర్చున్నాం. నాలుగు రోజులు పట్టింది. పదకొండు డిస్కులు ఏ మెషీన్‌కీ తగిలించి లేవు. పాత టెస్ట్ డేటాబేస్ ఒకటి దొరికింది. దాన్ని ఏడాది కిందటే ఆపేశామని నేనే గట్టిగా వాదించాను. తీరా చూస్తే, ఆపిన ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ నడిపే డేటాబేస్) ఏడు రోజులకి దానంతటదే లేస్తుందట. మేం ఒకసారి ఆపి మర్చిపోయాం, అది లేచి ఇన్నాళ్లూ నడుస్తూనే ఉంది. పాస్‌వర్డ్ కూడా ఆ బయటి డెవలపర్ పెట్టిందే. స్నాప్‌షాట్ తీసుకుని డిలీట్ చేశాం.

పబ్లిక్ ఐపీలు (ఇంటర్నెట్ నుంచి మెషీన్‌ని చేరే అడ్రసులు) పద్నాలుగు తేలాయి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి ఐపీకి గంటకు 0.005 డాలర్ పడుతోంది, అంటే నెలకి ఒక్కోదానికి మూడున్నర డాలర్ల పైనే. అది చిన్న మొత్తమే. కానీ ఆ షీట్ పక్కన ప్రౌలర్ రిపోర్టు పెట్టుకుంటే, క్రిటికల్, హై అని వచ్చిన వాటిలో చాలావరకు ఆ పద్నాలుగు ఐపీల వెనకున్న మెషీన్లవే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని పెన్నుతో గీతలు గీశాను. తొమ్మిది ఐపీలు తీసేస్తే ఖర్చు లిస్టులో తొమ్మిది లైన్లు, సెక్యూరిటీ లిస్టులో ఇరవై రెండు లైన్లు పోయాయి.

నాట్ గేట్‌వే (లోపలి మెషీన్లు ఇంటర్నెట్‌లోకి వెళ్లే దారి) బిల్లు ఎందుకంత వస్తోందో కూడా అప్పుడే తెలిసింది. రాత్రి బ్యాకప్‌లు ఎస్3కి దాని మీదుగా వెళ్తున్నాయి, జీబీకి ఇంత అని పడుతోంది. ఎస్3కి నేరుగా దారి ఇచ్చే ఎస్3 గేట్‌వే ఎండ్‌పాయింట్ ఫ్రీ, పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. దానికి పాలసీ రాసి ఆ దారిలో మా బకెట్లకి తప్ప వేరే ఏ బకెట్‌కీ డేటా పోకుండా కట్టాం. ఒకే పనితో ఆ లైను బిల్లులోంచి దాదాపు పోయింది, డేటా బయటికి జారే దారి ఒకటి మూసుకుంది.

కొత్త మేనేజ్‌మెంట్ అకౌంట్, రీజియన్ రూలు అయ్యాయి. ఒహాయోలో నేనే ఒక చిన్న మెషీన్ లేపడానికి ట్రై చేశాను. ఎర్ర అక్షరాల్లో కుదరదని వచ్చింది. ఆ స్క్రీన్ చూస్తే ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. గార్డ్‌డ్యూటీ కాల్ మా ఇద్దరి ఫోన్లకీ వచ్చేలా పెట్టాం. శాంపిల్ ఫైండింగ్ పంపి అర్ధరాత్రి రెండింటికి ఒకసారి పరీక్షించాం కూడా. ఎస్సెమ్మెస్ ప్రోగ్రామ్‌కి ఇప్పుడు రోల్ ఉంది, కీ లేదు. కస్టోడియన్ డ్రైరన్‌లోనే ఉంది. టెస్ట్ మెషీన్ల వరకు మాత్రం వచ్చే నెల నుంచి చర్య తీసుకోనిస్తాం, రైతుల అలర్ట్‌లు నడిచే వాటిని ఏ టూల్ చేతికీ ఇవ్వం.

ఈ నెల బిల్లు లక్షా పన్నెండు వేలకి దిగేలా ఉంది.

షీట్‌లో ఇంకా రెండు ఐపీల పక్కన పేరు రాయలేదు. ఒకటి మా అబ్బాయి రెండు రోజుల్లో తేలుస్తానన్నాడు. రెండోదానికి గంటకోసారి ఎక్కడినుంచో డేటా వస్తోంది. మొదట్లో ఉండి ఊరి దగ్గర నాలుగు చెరువులకి పెట్టిన పాత సెన్సర్ పెట్టెలే అయి ఉంటాయని నా అనుమానం. ఆ రైతు ఇప్పటికీ వాటినే చూసుకుంటున్నారేమో తెలియకుండా దాన్ని ఆపను. రేపు పొద్దున్నే బండేసుకుని వెళ్లి గట్టు మీద ఆ పెట్టె తెరిచి చూసొస్తాను.